కాజీపేటలో మేడ మీది మందిరం: ఐదుకు నాలుగు స్టార్లు

ఈ క్రైస్తవ మందిరం పేరు రాయను. పాస్టరు అయ్యగారిని అడిగితే, "పేరెందుకు గార్డు గారూ, తోవ చెప్పండి, వచ్చేటోళ్లు వస్తరు" అన్నరు. అందుకే తోవ చెప్త. కాజీపేట చౌరస్తాలో దిగి రైల్వే కాలనీ దిక్కు నడిస్తే పది నిమిషాలు. కింద పిండిగిర్ని, పైన మందిరం. ఆదివారం గిర్ని బందుంటది గానీ మెట్ల మీద పిండి పోదు. తెల్ల చీర కట్టుకున్నోళ్లకు ఫికరు లేదు, నల్ల ప్యాంటు వేసుకున్నోళ్లు గోడకు ఆనకుండా ఎక్కాలె. మెట్లు పంతొమ్మిది. పట్టుకుందామంటే ఒక కడ్డీ లేదు. కోసిన స్టార్‌లో సగం దానికే.

నేను గూడ్స్ గార్డుగా ముప్పై రెండేండ్లు చేసిన. 2022 నుంచి ఆ కొలువును ట్రైన్ మేనేజర్ అంటున్నరు గానీ కాలనీలో నన్ను ఒక్కడు కూడా మేనేజర్ అనలేదు. మా బాపు హన్మకొండ బాప్టిస్టు సంఘంలో పెద్ద. నేను మాత్రం పేరుకే క్రైస్తవుణ్ణి. గూడ్స్ బండికి ఆదివారం ఉండదు. గుడికి పోయిందంటే క్రిస్మస్‌కు, పెండ్లిళ్లకు, ఎవరన్న పోతే మట్టికి. అంతే.

రెండేండ్ల కింద నా భార్యకు రెండు కిడ్నీలు పోయినయి. వారానికి మూడు దినాలు, ఒక్కోసారి నాలుగు గంటలు, హన్మకొండలో డయాలసిస్. కొడుకు పుణెలో ఉంటడు. మొదటి నెలల్లో ఎవరు ఏది చెప్తే అది చేసినం. ఒక పెద్ద కూడికకు కూడా పోయినం, ఊరు పేరు వద్దు. పెద్ద టెంటు, పెద్ద స్టేజీ. ఒకాయన నూనె రాసి, "విశ్వాసం ఉంటే సూదులెందుకమ్మా, ఈ వారం మిషన్ మీదికి పోకు" అన్నడు. ఆమె నా మొఖం చూసింది. వారం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతదని డాక్టరమ్మ చెప్పి అప్పటికి మూడు దినాలు కాలేదు. అన్నం కూడా తినకుండా ఆటో మాట్లాడుకొని వచ్చేసినం. ఇగ ఏ గుడీ వద్దనుకున్న.

ఇక్కడికి తీసుకొచ్చింది మా కాలనీలో మిర్చీలు ఏసే పెద్దమ్మ. నేను రానంటే రానన్న. "నువ్వు మెట్ల కాడ కూసో బిడ్డా, కోడల్ని తోల్కపోత" అన్నది. మెట్ల కాడ పిండి అంటుతదని పైకి ఎక్కిన, అదీ అసలు సంగతి.

అయ్యగారు నా భార్యను అడిగిన మొదటి మాట: "డయాలసిస్ ఏయే రోజులమ్మా?" మంగళ, గురు, శని అంటే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నరు. ఆ రోజు వాక్యంలో, అంటే ప్రసంగంలో, డిచ్‌పల్లి సంగతి చెప్పిండ్రు. నిజామాబాద్ దిక్కు డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ కుష్ఠు రోగులకు దవాఖాన పెట్టింది. ఊళ్లోకి రానియ్యని మనుషుల్ని చేరదీసి చాల్‌మూగ్రా నూనె సూదిమందు ఏసేది. దానికి పైసలిచ్చిన నర్సాగౌడ్ హిందువు. "సూది వద్దన్నోడు మన తెలంగాణ సంఘాల చరిత్ర చదువుకోలే" అన్నరు అయ్యగారు. టెంటు సంగతి ఆయనకు మేం చెప్పలేదు. పెద్దమ్మ చెప్పినట్టుంది.

అలవాటు కొద్దీ మొదటి ఆదివారం టైములు రాసుకున్న. పదింటి ఆరాధన 10:14కు బయలుదేరింది. పాటలు 11:05 దాకా. సాక్ష్యాలు 11:30. వాక్యం 12:40. ప్రకటనలు, కానుకలు, ఆశీర్వాదం అయ్యేసరికి 1:10. గూడ్స్ లెక్కన చూస్తే మంచి రన్నింగే. ఎండకాలం పైన రేకుల కింద మాత్రం పదకొండు దాటితే ఫ్యాన్లు వేడిగాలే కొడతయి, గొడుగు మర్చిపోయినా చేతిగుడ్డ మర్చిపోవద్దు. మోకాళ్ల నొప్పులున్నోళ్లకు వెనక గోడకు ఎనిమిది కుర్చీలుంటయి, మిగతా అందరికీ జంపఖానాలే.

ఇప్పుడు స్పీకర్ల సంగతి. మందిరం అంతా కలిపితే ఇరవై అడుగుల వెడల్పు, నలభై పొడుగు. దాంట్లో బరాత్‌కు పెట్టే సైజు డబ్బాలు రెండు. కీబోర్డు వాయించే పిలగాడు ఐటీఐ చదువుతడు, మంచోడు, కానీ వానికి ఒక్కటే రిథమ్ వచ్చు, దుఃఖం పాటకూ దరువు అదే. మూడుసార్లు చెప్పిన. తగ్గిస్త అంకుల్ అంటడు, రెండో చరణానికి మళ్ల మొదటికే వస్తది. మిగతా సగం స్టార్ వానికే.

ఇంకొకటి కూడా రాయాలె. ఇక్కడ దాపరికం నడవదు. మేం చేరిన రెండో వారానికే నా భార్య కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతో కీబోర్డు పిలగానికి కూడా తెలుసు. మొదట్లో నాకు ఒళ్లు మండింది. కానుకలిచ్చినోళ్ల పేర్లు, ఎంత ఇచ్చిండ్రో మైకులో చదవడం కూడా నాకు నచ్చలేదు. అయ్యగారికి మొఖం మీదనే చెప్పిన. నెల తర్వాత పైసల లెక్క చదవడం ఆపేసిండ్రు, పేర్లు మాత్రం చదువుతరు. పేరు చదవకపోతే కొందరు అలుగుతరట.

చేరిన మూడో ఆదివారం ఒకటి జరిగింది. డయాలసిస్ చేసేటోళ్లకు చేతిలో రక్తనాళాలు రెండు కలిపి ఫిస్టులా చేస్తరు. దాని మీద వేలు పెడితే లోపల జుమ్ముమని కొట్టుకుంటది. ఆ జుమ్ము ఉన్నదా లేదా అని రోజూ పొద్దున చూసుకోవాలె, ఆగిపోతే దవాఖానకు ఉరకాలె. ప్రార్థన చేసేటప్పుడు పెద్దమ్మ నా భార్య ఎడమ చేతి మణికట్టు పట్టుకొని కండ్లు మూసుకుంది. ఒక్క నిమిషంలో చెయ్యి ఇడిసిపెట్టి, "అమ్మో! కరెంటు లెక్క కొడ్తాంది! ఆత్మ దిగింది!" అని ఒక్క అరుపు. ఆడోళ్లందరూ స్తోత్రం స్తోత్రం అని లేచిండ్రు. నా భార్య చెప్పబోయింది, ఎవరూ వినరు. ఆఖరికి చీర చెంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. కండ్లల్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆరు నెలల తర్వాత అట్ల నవ్వుడు చూసిన. తర్వాత సంగతి తెలిసినా పెద్దమ్మ తగ్గలేదు. "ఆ నరంలో రక్తం ఉరికిచ్చేటోడు ఎవ్వడు మరి?" అన్నది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ముందు ఆ చెయ్యి పట్టుకొని, జుమ్ము ఉన్నదని చూసినంకనే కూసుంటది.

ఆ వారమే స్తంభానికి ఒక కాగితం అంటించిండ్రు. పాత క్యాలెండర్ షీటు వెనక గీతలు గీసి మంగళ, గురు, శని అని రాసి, పక్కన పేర్లు. రైల్వేలో మేం దీన్ని లింక్ అంటం, ఏ బండికి ఎవరు అని. మంగళవారం లోకో షెడ్ పిలగాడు బండి మీద వచ్చి నాకు తోడు కూసుంటడు. శనివారం ఆటో ఆయనది, కిరాయి తీసుకోడు, డీజిల్‌కు ఇస్తే తీసుకుంటడు, అది కూడా బతిమిలాడితే. గురువారం ఒక టీచరమ్మ అన్నం పంపిస్తది. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి మళ్ల వండాలె, పొటాషియం పోవాలంటే. ఉప్పు నామమాత్రం. ఆ చప్పిడి కూర వండడం మా ఇంట్లో నాకే చేత కాలేదు, ఆమె మా వంటింట్లో నిలబడి రెండుసార్లు చూసి నేర్చుకుంది. ఇప్పటిదాకా ఆ లింక్ తప్పింది నాలుగు సార్లు. రైల్వే కంటే నయం.

పోయిన వానకాలం ఒక గురువారం మిషన్ మీద ఉండగానే ఆమె బీపీ డెబ్బైకి పడ్డది. నన్ను బయటికి పంపిండ్రు. ఆటో ఆయనకు ఫోన్ చేసిన, ఏం మాట్లాడిన్నో నాకే తెల్వది. ఇరవై నిమిషాలకు అయ్యగారు, లోకో షెడ్ పిలగాడు, పెద్దమ్మ దిగిండ్రు. పిండిగిర్ని ఆయన కూడా వచ్చిండు, ఆయన మా సంఘం కాదు, ఆటోలో జాగా ఉన్నదని ఎక్కిండట.

బల్లార్ష లైన్‌లో సిర్పూర్ కాగజ్‌నగర్ దాటినంక అడవిలో సిగ్నల్ పడక బొగ్గు బండి ఆగేది. యాభై ఎనిమిది వ్యాగన్ల అవతల డ్రైవర్, ఇవతల బ్రేక్ వ్యాన్‌లో నేను. లైటుండదు, వాన. గంట గడిచినంక వాకీటాకీ గరగరమని, "గార్డు గారూ, ఉన్నరా?" అని ఒక గొంతు. పనేం ఉండదు, ఉత్తగనే అడిగేటోడు. ఆ మాట వినబడితే కాళ్లల్ల బలమొచ్చేది. ఆ గురువారం దవాఖాన వరండాలో అయ్యగారు మైకు లేకుండా, చిన్నగా, నా భుజం మీద చెయ్యేసి ప్రార్థన చేస్తుంటే, ఆ గరగరలోంచే ఎవరో పిలిచినట్టు అయ్యింది. ఉన్నరా, అని. ఉన్న, అన్న నోట్లోనే. దేవుని సన్నిధి అని బాపు అంటుంటే చిన్నప్పుడు నాకు సమజ్ కాకపోయేది.

లోపల నర్సులు కాళ్లు పైకి పెట్టి సెలైన్ ఎక్కించిండ్రు, బీపీ నిలబడ్డది. కిడ్నీలు బాగు కాలేదు. వచ్చే మంగళవారం మళ్ల మిషనే.

కోత పండుగకు వస్తే పైసలు పట్టుకొని రండి. సంఘపోళ్లు తెచ్చిన కూరగాయలు, కోళ్లు వేలం వేస్తరు. పోయినేడు ఒక సొరకాయకు నేనూ కీబోర్డు పిలగాని నాయనా పంతం పట్టి పదకొండు వందల దాకా పోయినం. నాకే వచ్చింది. ఇంటికి తెచ్చినంక తిట్లు కూడా నాకే వచ్చినయి.

నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల, తర్వాత బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు. బగారా బాగుంటది, పులుసులో బెల్లం ఎక్కువ. నా భార్యకు టీచరమ్మ డబ్బా వేరే. ఆమెకు రోజుకు నీళ్లు ఎనిమిది వందల మిల్లీలీటర్లే, ఒక నోటుబుక్కులో రాసుకుంటది. చిన్న గిన్నెలో ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు అయ్యగారు ఆమెకు సగమే పోస్తరు. పోయిన ఆదివారం పేజీ చూసిన: చాయ్ 100, గోలీలతో నీళ్లు 60, ప్రభు బల్ల 5.