ఆయమ్మ పని చేయనంటే సిస్టర్ ఏం చేయాలి? మనమే చేసుకోవడమా, అరవడమా, కంప్లయింటా, కూర్చుని మాట్లాడడమా?

నైట్ డ్యూటీ, పక్షవాతం పేషెంట్, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఆయమ్మని పిలిస్తే రాదు, వచ్చినా "ఇప్పుడే కదా తిప్పినం" అంటుంది. వార్డులో పనిచేసిన ఏ సిస్టర్‌ని అడిగినా ఇలాంటిది ఒకటి చెప్తుంది. పైన రాసిన నాలుగూ నేను చేసి చూశాను, అందుకే ఏది పనికొస్తుందో చెప్దామని.

కొత్తలో అన్నీ నేనే చేసేసుకునేదాన్ని. నాకు 24, ఆవిడకి మా అమ్మ వయసు, పని ఎలా చెప్తాం అని బెడ్‌పాన్లు, స్పాంజింగ్, బెడ్‌షీట్లు అన్నీ నా నెత్తినే. గొడవ ఉండదు, అదొక్కటే లాభం. కానీ పది గంటల యాంటీబయాటిక్ పదకొండున్నరకి పడేది. పైగా బరువైన మనిషిని ఒక్కరే లాగితే మన నడుం పోతుంది, పేషెంట్ చర్మం బెడ్‌షీట్‌కి రాసుకుని ఒరిసిపోతుంది, అది ఇద్దరు పట్టుకుని చేయాల్సిన పని. ఇది అలవాటుగా మాత్రం వద్దు.

ఓపిక అయిపోయి ఒకరోజు అటెండర్ల ముందే, అంటే పేషెంట్లతో ఉండే ఇంటివాళ్ళ ముందే అరిచేశా. ఆ రాత్రికి పని జరిగింది. మర్నాటి నుంచి అటెండర్లు కూడా ఆవిడ మీద అరవడం మొదలుపెట్టారు, ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. ఇందులో నష్టం ఏంటంటే, ఒళ్ళు తుడిచేది ఆవిడ కాబట్టి నడుం కింద ఎర్రబడితే ముందు కనపడేది ఆవిడకే, ఆ ఎరుపు వేలితో నొక్కినా తెల్లబడకపోతే బెడ్ సోర్ (ఒకే వైపు పడుకుని ఉంటే పడే పుండు) మొదలైనట్టే, మనతో మాటలు లేని మనిషి అది ఎందుకు చెప్తుంది? ఒక్క సందర్భంలో మాత్రం అక్కడికక్కడే గట్టిగా ఆపాల్సిందే. పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) పాలు పోయబోతుంటే "ఆగమ్మా" అని అరవాలి, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తకుండా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అసలు ట్యూబ్ ఫీడ్ ఆయమ్మకి అప్పజెప్పే పనే కాదు, అలా జరిగితే ఆవిడని అనేముందు ఆ పని చెప్పిందెవరో చూసుకోవాలి.

తర్వాత ఇన్‌చార్జి సిస్టర్‌కి కంప్లయింట్ ఇచ్చా. చాలాచోట్ల ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు ఏజెన్సీ కింద ఉంటారు, వాళ్ళ డ్యూటీలు వేసేది సూపర్‌వైజర్. ఆయన ఏమీ అడక్కుండా ఆవిడని వేరే బ్లాక్‌కి మార్చేశాడు. వచ్చిన కొత్తమ్మాయికి డ్రా షీట్ (పేషెంట్ నడుం కింద అడ్డంగా వేసే దుప్పటి) వేయడం కూడా రాదు, రెండు నెలలు ఆ అమ్మాయికి నేర్పడంతోనే సరిపోయింది. అయినా కంప్లయింట్ తప్పనిసరి అయ్యేవి ఉన్నాయి. యూరిన్ బ్యాగ్ చూడకుండానే "200 రాసుకో సిస్టర్" అనడం అలాంటిది. 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 ఎంఎల్ యూరిన్ రావాలి, వరసగా తగ్గుతుంటే డాక్టర్‌కి చెప్పాలి, మరి అంకె ఊహించి రాస్తే కిడ్నీ దెబ్బతింటున్నా చార్టులో కనపడదు. చార్టు మీద సంతకం మనదే. మొదటిసారి మెజరింగ్ జార్ చేతికిచ్చి చూపించండి, రెండోసారి ఇన్‌చార్జికి కాగితం మీద రాసివ్వండి.

ఆవిడ మళ్ళీ మా వార్డుకి వచ్చాక లినెన్ రూమ్‌లో టీ తాగుతూ అడిగేశా, నా మీద కోపమా అమ్మా అని. "నీ మీద కాదు సిస్టరమ్మా, కింద ఫ్లోర్ సిస్టర్ కూడా గదే టైంకి పిలుస్తది, నేను ఏ దిక్కు పోవాలె?" అంది. రెండు వార్డులకి రాత్రి ఒక్కతే ఆయమ్మ! నాకు ఆ సంగతే తెలీదు, అరిచేటప్పుడూ తెలీదు, కంప్లయింట్ రాసేటప్పుడూ తెలీదు, ఇప్పటికీ అది తల్చుకుంటే బాధగానే ఉంటుంది. కింది సిస్టర్‌తో మాట్లాడి మాకు 10, 12, 2, 4, వాళ్ళకి 11, 1, 3, 5 అని టైంలు రాసి రెండు స్టేషన్లలోనూ అంటించాం. గొడవ అక్కడితో ఆగింది.

అందుకే నా ఓటు ముందు మాట్లాడడానికే, అదీ పేషెంట్ల ముందు కాదు, పక్కకి తీసుకెళ్ళి. ఇంకా మేలు డ్యూటీ ఎక్కగానే ఐదు నిమిషాలు కూర్చోవడం. అమెరికా నర్సింగ్‌లో ఐదు ప్రశ్నలు నేర్పిస్తారు: ఇది అప్పజెప్పదగ్గ పనేనా, పేషెంట్ పరిస్థితి అందుకు తగ్గట్టుందా, ఈ మనిషికి ఆ పని వచ్చా, సరిగ్గా చెప్పామా, తర్వాత వెళ్ళి చూశామా. మనం ఎక్కువగా తప్పేది నాలుగోదాంట్లో. "ఆరో బెడ్ కొంచెం చూసుకోమ్మా" అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? "ఆరో బెడ్ పన్నెండింటికి ఎడమ పక్కకి, మోకాళ్ళ మధ్య దిండు, ఎక్కడైనా ఎర్రగా ఉంటే వెంటనే నన్ను పిలువు" అనాలి. యూకే వెళ్ళే మన పిల్లలు కూడా ఇది గుర్తుపెట్టుకోండి, అక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ వాళ్ళ కోడ్‌లో అప్పజెప్పిన పని సరిగ్గా అయిందో లేదో చూసుకునే బాధ్యత నర్సుదే అని స్పష్టంగా ఉంది.

ఈసారి కూడా కంప్లయింట్ రాశా, మనిషి మీద కాదు, రెండు వార్డులకి ఒక్క ఆయమ్మ చాలదని, ఆవిడ పేరు లేకుండా. రెండో ఆయమ్మ ఇంకా రాలేదు, నెలనెలా మళ్ళీ రాస్తూనే ఉన్నా.