ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్: నాలుగేళ్లకు పైగా వాడిన తర్వాత నా సమీక్ష

2021 మే నెలలో మా ఇంటి కంప్యూటరు రోజుకు రెండు మూడుసార్లు బ్లూ స్క్రీన్ చూపించి ఆగిపోవడం మొదలైంది. మొదటిసారి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు కనిపించింది, మర్నాడు వైఫై డ్రైవర్ పేరు, ఆ వారం చివర్లో ఏకంగా ఫైల్ సిస్టమ్ డ్రైవర్ పేరు. తెర మీద వచ్చే కారణం కూడా ఒకటి కాదు. ఒకసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని, ఇంకోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని, మరోసారి ‘మెమొరీ మేనేజ్‌మెంట్’ అని వచ్చేది. ఏ డ్రైవర్ పేరు కనిపిస్తే దాన్ని తీసేసి కొత్తది వేస్తూ మూడు వారాలు గడిపాను. సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ నడిపితే ప్రతిసారీ ఏవో చెడిన ఫైళ్లు దొరికేవి, బాగుచేశానని చెప్పేది, రెండు రోజులకు మళ్లీ కొత్తగా చెడినవి దొరికేవి. డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్ వివరాల్లో ఒక్క లోపమూ లేదు. చివరికి ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించబోతే, ఫైళ్లు కాపీ అయ్యే దశలోనే అది ఎర్రర్ ఇచ్చి నిలిచిపోయింది.

ఆ మూడు వారాల్లోనే ఇంకో నష్టం జరిగింది. మా తాతయ్య సహస్ర చంద్ర దర్శనం నాటి ఫోటోలను కెమెరా కార్డు నుంచి కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డును ఖాళీ చేశాను. తర్వాత తెరిచి చూస్తే కొన్ని ఫోటోల్లో సగం నుంచి కింది భాగమంతా బూడిద రంగులో ఉంది, కొన్నింట్లో రంగులు అడ్డంగా చీలిపోయి ఉన్నాయి. బయటి డిస్కులోనూ అవే చెడిన ప్రతులు ఉన్నాయి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ ఫోటోలే.

దారి చూపించింది మా ఆఫీసులో సర్వర్లు చూసుకునే ఒక పెద్దాయన. నా గోడంతా విని, “ఒక పెద్ద ఫైలు తీసుకుని దాని చెక్‌సమ్, అంటే ఫైల్లోని డేటా అంతటి నుంచి లెక్కగట్టే గుర్తు విలువ, రెండు మూడుసార్లు తీసి చూడు తమ్ముడూ. తేడా వచ్చిందంటే ఇక డిస్కు మీద ఏదీ రాయకు, ముందు ర్యామ్ సంగతి తేల్చు” అన్నారు. ఒక సినిమా అంత సైజున్న ఫైలుకు ఎస్‌హెచ్ఏ-256 అనే రకం చెక్‌సమ్ విలువ తీశాను. వెంటనే మళ్లీ తీస్తే అదే విలువ వచ్చింది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి తీస్తే వేరే విలువ వచ్చింది! ఒకసారి చదివిన ఫైలును ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లోనే ఉంచుకుని, రెండోసారి అడిగినప్పుడు డిస్కు దాకా వెళ్లకుండా అక్కడి నుంచే ఇస్తుంది కాబట్టి, చెడిన చోట పడిన ఫైలు రీస్టార్ట్ చేసేదాకా అదే తప్పును చూపిస్తూ ఉంటుంది. పరీక్షించేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోకపోతే రెండు విలువలూ ఒకటేనని తృప్తిపడి తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ ఎక్కించాను. 1994లో క్రిస్ బ్రాడీ రాసిన మెమ్‌టెస్ట్86 దీనికి మూలం. దాని నుంచి 2004లో శామ్యూల్ డెములెమీస్టర్ ఈ ‘ప్లస్’ శాఖను వేరుచేశారు. మూల ప్రోగ్రాము 2013లో పాస్‌మార్క్ చేతికి వెళ్లింది, దాని ఉచిత వర్షన్ నాలుగు పాస్‌ల (పరీక్షలన్నీ ఒకసారి పూర్తయ్యే విడత ఒక పాస్) వరకే నడుస్తుంది. ప్లస్ మాత్రం జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద సోర్సు కోడుతో సహా ఉచితం, ఎన్ని పాస్‌లైనా నడుపుకోవచ్చు. పేర్లు దాదాపు ఒకటే కావడంతో ఒకదాని బదులు ఇంకొకటి దించుకునేవారు చాలామంది కనిపిస్తారు. రెండూ పనికొచ్చేవే, కాని నేను ఇన్నేళ్లుగా వాడింది ప్లస్‌నే.

ఇది విండోస్ లోపల నడిచే ప్రోగ్రాము కాదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది, అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఆక్రమించుకునే భాగాన్ని కూడా పరీక్షించగలుగుతుంది. తాను కూర్చున్న చోటును కూడా వదలకుండా, అక్కడి నుంచి పక్కకు జరిగి ఆ భాగాన్నీ చూస్తుంది. దీని పరీక్షల్లో ముఖ్యమైనది మూవింగ్ ఇన్వర్షన్స్. మెమొరీ అంతటా ఒక నమూనా నింపి, కింది అడ్రసు నుంచి పైకి ఒక్కొక్కటీ సరిచూస్తూ దాని స్థానంలో తలకిందులైన నమూనాను (0 ఉన్నచోట 1, 1 ఉన్నచోట 0) రాస్తుంది. ఆ తర్వాత పై నుంచి కిందికి అదే పని చేస్తుంది. ఒక గడిలో రాస్తే పక్క గడి మారిపోయే లోపాలు ఇలా బయటపడతాయి. చివర్లో వచ్చే బిట్ ఫేడ్ పరీక్ష మెమొరీని నింపి కొన్ని నిమిషాలు ఊరుకుని, రాసినది నిలిచి ఉందో లేదో చూస్తుంది.

మొదటి పాస్ ఏ లోపమూ లేకుండా ముగిసింది. సిస్టమ్‌తో పాటు వచ్చే మెమొరీ పరీక్ష కూడా అంతకుముందు రోజు ఏ తప్పూ లేదని చెప్పి ఉండటంతో, ఇక ఆపేద్దామనుకున్నాను. అలవాటు కొద్దీ దాన్ని నడుస్తూ ఉండగానే వదిలేసి పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం, గది బాగా వేడెక్కిన వేళ, తప్పులను చూపే ఎర్ర గీతలు వరసగా కనిపించాయి. అన్నీ 11 జీబీ దగ్గరి అడ్రసుల్లోనే, అన్నింట్లోనూ ఒకటే బిట్ (0 లేదా 1గా ఉండే ఒక్క అంకె) తేడా. రాసిన విలువ ఒకటైతే చదివినప్పుడు వచ్చిన విలువలో ఆ ఒక్క బిట్ మారి ఉంది. డీర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లోని ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా దాన్ని మళ్లీ నింపాలి. వేడి పెరిగితే కారడం వేగమవుతుంది. బలహీనమైన గడి చల్లగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గి, మే నెల మధ్యాహ్నం ఓడిపోవడం నాకు అందుకే ఆశ్చర్యం కలిగించలేదు.

ఆ ఒక్క బిట్‌తోనే మూడు వారాల గందరగోళమంతా అర్థమైంది. ఆ గడిలో డ్రైవర్ వాడుకునే పాయింటర్ (మెమొరీలో ఫలానా చోటికి దారి చూపే అడ్రసు) పడితే, అది లేని అడ్రసుకు దారితీసి బ్లూ స్క్రీన్ వస్తుంది, నింద ఆ డ్రైవర్ మీద పడుతుంది. ఫోటో ముక్క పడితే, చెడిన ముక్కే డిస్కులోకి వెళ్తుంది. డిస్కు తనకు ఇచ్చినదాన్ని నమ్మకంగా రాసుకుంది కాబట్టి దాని నివేదికలో ఏ లోపమూ కనిపించదు. నేను చేసిన మరమ్మతులు కూడా ఆ చెడిన మెమొరీ గుండానే వెళ్లాయి. బాగుచేస్తున్నాననుకుంటూ ఫైళ్లను నేనే ఇంకా చెడగొట్టాను. కాబట్టి రోజుకో డ్రైవర్ పేరుతో క్రాష్ అయ్యే కంప్యూటర్‌లో ఫార్మాట్, రిపేర్, బ్యాకప్ లాంటివేవీ మొదలుపెట్టకముందే ఈ పరీక్ష నడపాలని నేను గట్టిగా చెబుతాను.

ఏ ర్యామ్ స్టిక్ చెడిందో తెర మీది అడ్రసును బట్టి చెప్పడం కష్టం, ఎందుకంటే రెండు స్టిక్‌లు జతగా పనిచేసే డ్యుయల్ ఛానల్‌లో అడ్రసులు రెండు స్టిక్‌ల మధ్య పంచుకుని ఉంటాయి. ఒక్కో స్టిక్‌ను విడిగా పెట్టి నడపాలి, చెడినదనుకున్నదాన్ని రెండో స్లాట్‌లోనూ పెట్టి చూడాలి. ర్యామ్‌ను మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగు తీసేసి మామూలు వేగంలోనూ చూడాలి. నా స్టిక్ ఏ స్లాట్‌లోనైనా, ఏ వేగంలోనైనా తప్పులిచ్చింది. దుకాణంలో మొదట ఒప్పుకోలేదు, వైరస్ అయి ఉంటుందన్నారు. ఎర్ర గీతల ఫోటో చూపించాక వారంటీ కింద మార్చి ఇచ్చారు.

2023లో మా చెల్లెలి కంప్యూటర్‌లో కథ వేరుగా నడిచింది. నాలుగు స్లాట్లలోనూ స్టిక్‌లు నింపి ఎక్స్ఎంపీ ఆన్ చేసి 3200 వేగంతో నడుపుతోంది. పరీక్షలో తప్పులు వచ్చాయి. వేగాన్ని 2933కు తగ్గించగానే రాత్రంతా నడిపినా ఒక్కటీ రాలేదు. స్టిక్‌లు మంచివే, నాలుగింటినీ కలిపి ఆ వేగంతో మోయడం మెమొరీ కంట్రోలర్‌కు భారమైంది. కొత్త ర్యామ్ కొనే ఖర్చు తప్పింది.

పరిమితులు కూడా చెప్పాలి. తప్పు చూపిస్తే నమ్మవచ్చు, కాని తప్పు లేదన్నంత మాత్రాన మెమొరీకి పూర్తి హామీ దొరికినట్టు కాదు. ఒక్క పాస్‌తో తేల్చేయవద్దు, నాలుగైనా నడవాలి, వీలైతే పగటి వేడిలోనూ నడవాలి. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమొరీని ఇది చూడదు. మా బాబాయి గారి మెషీన్‌లో ఎనిమిది పాస్‌లు సున్నా తప్పులతో ముగిసినా ఫైళ్లు చెడుతూనే ఉన్నాయి. స్మార్ట్ వివరాల్లో 199వ వరసలోని సీఆర్‌సీ లెక్క (డేటా దారిలో చెడిన సార్ల సంఖ్య) రోజురోజుకూ పెరుగుతుంటే డిస్కును కలిపే సాటా కేబుల్ మార్చాం, అంతటితో సరిపోయింది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఫలితాలు డిస్కులో ఎక్కడా దాచబడవు. కరెంటు పోతే గంటల పని పోయినట్టే, అందుకని మధ్యమధ్యలో ఫోన్‌తో తెరను ఫోటో తీసుకుంటాను.

నేను మొదట వాడిన 5వ వర్షన్ పాత పద్ధతి బయాస్‌కే (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) బూట్ అయ్యేది, ప్రాసెసర్‌లోని ఒకే కోర్‌తో 16 జీబీకి ఒక పాస్ దాదాపు రెండున్నర గంటలు తీసుకునేది. అన్ని కోర్లతో నడపబోతే మధ్యలో బిగుసుకుపోయేది. 2022 అక్టోబరులో వచ్చిన 6వ వర్షన్ మార్టిన్ విటేకర్ రాసిన పీసీమెమ్‌టెస్ట్ ఆధారంగా తిరగరాసినది. బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో నేరుగా బూట్ అవుతుంది, నా దగ్గర అదే 16 జీబీకి గంటలోపే పాస్ ముగుస్తోంది. పాత వర్షన్‌తో విసిగి వదిలేసినవారు మళ్లీ ప్రయత్నించవచ్చు.

సర్వర్లలో ఉండే ఈసీసీ మెమొరీ ఒక బిట్ తప్పును తానే సరిదిద్దుతుంది. మన ఇళ్లలోని కంప్యూటర్లలో మామూలుగా అది ఉండదు కాబట్టి, ఫోటో తెరిచి చూసేదాకా తప్పు జరిగినట్టే తెలియదు. తాతయ్య ఫోటోల్లో కొన్నింటిని బంధువుల ఫోన్లలోంచి తెప్పించుకున్నాం. వెయ్యి నెలల చంద్రుణ్ణి చూసిన ఆయన మనవలందరితో కలిసి కూర్చున్న ఫోటో మాత్రం ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

మొన్న కొత్తగా 32 జీబీ ర్యామ్ వేసినప్పుడు విండోస్ తెరవకముందే పెన్‌డ్రైవ్ పెట్టి రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా నడిపాను. ఆరు పాస్‌లు పూర్తయ్యాయి, తప్పులు సున్నా. ఆ తర్వాతే ఫోటోలున్న డిస్కును కంప్యూటర్‌కు తగిలించాను.