పదేళ్ళ చిట్టా: వంటింటి పనులూ జీవితపు కోరికలూ ఒకే పుస్తకంలో

మన్మథ నామ సంవత్సర ఉగాది నాడు, అంటే 2015 మార్చి 21న, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఒక పొడుగు నోటు పుస్తకం తీసుకుని, ఎడమ పుటలో ‘వంటిల్లు’ అనీ కుడి పుటలో ‘నేను’ అనీ శీర్షికలు పెట్టి, నా చేతులతో చేయాలనుకున్న వంటలను ఎడమవైపూ, ఈ జన్మలో చేయాలనుకున్న పనులను కుడివైపూ రాయడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. ఆ రోజు ఎడమవైపు ముప్పై నాలుగు, కుడివైపు ఇరవై ఆరు అంశాలు తేలాయి. పదేళ్ళు వదలకుండా వాడిన తరువాత ఈ పద్ధతి ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు అన్నది, ఇలాంటి పుస్తకం మొదలుపెట్టాలనుకునే వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటి మూడేళ్ళు నేను చేసినది రాసుకోవడం, అయినదాన్ని కొట్టివేయడం, అంతే. ప్రతి ఉగాదికి పుస్తకం తెరిచి లెక్క చూసుకునేదాన్ని. 2018 ఉగాదికి చూస్తే ఎడమవైపు పందొమ్మిది అంశాలు పూర్తయ్యాయి, కుడివైపు రెండే. ఆ రెంటిలో ఒకటి నేత్రదాన పత్రం మీద సంతకం చేయడం, రెండవది ఉండవల్లి గుహలు చూడటం. రెండూ ఒక్క పూటలో తెమిలే పనులు. ఈత, బండి నడపడం, నాగార్జునకొండ, దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు వంటివన్నీ రాసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే పుస్తకం, ఒకే తీరిక; అయినా రెండు పుటల మధ్య అంత తేడా ఎందుకు వచ్చిందో నాకు వెంటనే అర్థం కాలేదు. వంట నాకు ఇష్టం కాబట్టి అనుకుందామంటే, ఈత మీద ఉన్న ఇష్టం అంతకంటే పాతది. చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున నిలబడి, ఈదుతున్న అన్నయ్యను చూస్తూ పెంచుకున్నది.

కారణం ఆ సంవత్సరం ఆవకాయ పెట్టేటప్పుడు తెలిసింది. వంటింటి పనికి కాలం ఉంది. పుష్యంలో పండుమిరపకాయలు వస్తాయి, కొరివికారం అప్పుడే పెట్టాలి. మాఘ ఫాల్గుణాల్లో కొత్త ఎండుమిరప మన మిర్చి యార్డుకు బస్తాలకు బస్తాలు దిగుతుంది. ఏడాదికి సరిపడా అప్పుడే కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, మరలో కారం పట్టించుకోవాలి. చైత్రం చివర ఆవకాయ కాయ వస్తుంది, తొలకరి పడ్డాక ఆ కాయకు పులుపూ ఉండదు, గట్టిదనమూ ఉండదు. కార్తీకంలో ఉసిరి, ఆ వెనుకే చింతకాయ. ఇవేవీ నన్ను అడిగి రావు, నా కోసం ఆగవు. ఎవరూ గుర్తుచేయనక్కరలేదు, కూరల బండి అబ్బాయి వీధిలో కేకవేస్తే చాలు. కుడి పుటలోని పనులకు అలా కేకవేసేవారు ఎవరూ లేరు. ఈత ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, ఎం.ఏ. ఎప్పుడైనా చేయవచ్చు, ఆ ‘ఎప్పుడైనా’ అన్న మాటే మూడేళ్ళు మింగేసింది.

అప్పటినుంచి కుడి పుటలో ప్రతి అంశం పక్కన ఎర్ర సిరాతో రెండు గడులు గీశాను: ఎప్పుడు, ఎంత. రెండవ గడి ఎందుకో చెప్పాలంటే నా మొదటి ఆవకాయ సంగతి చెప్పాలి.

2015 వేసవిలో, అమ్మ ఫోనులో చెప్పిన కొలతలు రాసుకుని మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టాను. నాలుగు సోలల ముక్కకు సోల కారం, సోల ఆవపిండి, ముప్పావు సోల ఉప్పు, ముక్క మునిగేంత పప్పునూనె, పిడికెడు మెంతులు, మన వైపు అలవాటు కాబట్టి వెల్లుల్లి. ముక్కకు టెంక ఉండేలా బజారులోనే కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీకి, పొడి బట్టతో ఒక్కొక్క ముక్క తుడిచాను. జాడీ ఎండలో పెట్టాను, వాసెన కట్టాను, మూడవ రోజు తిరగగలిపాను. ఎక్కడా తడి తగలనివ్వలేదు. అయినా ఇరవై రోజులకు పైన తెల్లని బూజు కట్టింది, ముక్క మెత్తబడి వాసన మారింది. జాడీ అంతా పారబోయవలసి వచ్చింది, ఆ రోజు నాకు కన్నీళ్ళు ఆగలేదు. అమ్మకు చెబితే చాలాసేపు ఆలోచించి ఒకే ప్రశ్న అడిగింది: “ఉప్పు దంచి కొలిచావా, కొలిచి దంచావా?” నేను దంచనే లేదు. కళ్ళుప్పు అలాగే సోలతో కొలిచి పోశాను. మరునాడు పోస్టాఫీసు పక్కనున్న కిరాణా కొట్టుకు వెళ్ళి, ఎండబెట్టిన కళ్ళుప్పు ఒక సోల, దంచిన ఉప్పు ఒక సోల తూకం వేయించాను. సోల ఒకటే అయినా దంచిన ఉప్పు బరువు బాగా ఎక్కువ తూగింది, ఎందుకంటే ఉప్పు కళ్ళ మధ్య ఖాళీలు కొలతలో చేరిపోతాయి. అంటే అమ్మ చెప్పిన ఉప్పులో చాలా భాగం నా జాడీలో పడనే లేదు. ఊరగాయను కాపాడేదే ఉప్పు. ఆ సాయంత్రం నుంచి నా ఎడమ పుటలో కొలతలన్నీ గ్రాములలోకి మారాయి, వాటి పక్కన ఏ స్థితిలో కొలవాలో కూడా రాస్తాను: దంచాక, ఎండాక, తొడిమ తీశాక.

ఈ జాగ్రత్తే కుడి పుటకూ కావలసి వచ్చింది. ‘ఈత నేర్చుకోవాలి’ అన్నది కళ్ళుప్పు లాంటి మాట, చూడటానికి సోల నిండుగా ఉంటుంది, లోపల ఖాళీ. దాన్ని కొట్టివేసి, ‘బడికి వేసవి సెలవులు ఇచ్చిన మరుసటి సోమవారం నుంచి ఇరవై ఒక్క రోజులు, ఉదయం ఆరు గంటలకు, ఒడ్డు పట్టుకోకుండా ఇరవై అయిదు మీటర్లు వెళ్ళేదాకా’ అని రాశాను. 2019 వేసవిలో, యాభై ఒకటవ ఏట, పద్దెనిమిదవ రోజున ఆ దూరం వెళ్ళాను. అవతలి గట్టు చేతికి తగిలినప్పటి చల్లదనం ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది. బండి నడపడం దానికి ముందు దసరా సెలవులలోనే వచ్చింది. ఎం.ఏ.కు దరఖాస్తు చేయవలసిన నెలను గడిలో రాసి, రోజుకు నాలుగు పుటలని ‘ఎంత’ నిర్ణయించుకుని, మధ్యలో కరోనా వల్ల పరీక్షలు వెనక్కి జరిగినా 2022లో పూర్తిచేశాను.

నాగార్జునకొండ ప్రయాణం గురించి కొంచెం ఎక్కువ చెప్పడం అవసరం. 2018 డిసెంబరులో విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్ళి, ఆ కొండమీది మ్యూజియంలో రెండు గంటలకు పైగా ఉన్నాను. ఒకప్పుడు ఇక్ష్వాకుల విజయపురి ఉన్న ఆ లోయ సాగర్ జలాశయంలో మునిగిపోతుందని తెలిశాక, 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలనూ శాసనాలనూ మునగని కొండమీదికి చేర్చారు; కొన్ని కట్టడాలను కూడా మళ్ళీ పైన నిలబెట్టారు. ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. నీళ్ళు వస్తాయన్న గడువు ముందుండగా చేసిన పని అది. తిరుగు లాంచీలో ఆ నీళ్ళ మీదుగా వస్తూ, నేను కొత్తగా గీసిన ‘ఎప్పుడు’ గడి సరైన ఆలోచనే అన్న నమ్మకం కుదిరింది.

అయితే కాలం రాసినంత మాత్రాన చేయి తిరగదు. ఎడమ పుటలో అరిసెలు నాలుగు సంక్రాంతులు తీసుకున్నాయి. తడిపిండికి పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే చెక్కలా గట్టిపడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సమయం పొయ్యి మీద చాలా తక్కువ. మొదటి రెండేళ్ళు బెల్లం, బియ్యం బరువులు ఎంత జాగ్రత్తగా రాసుకున్నా కుదరలేదు, ఎందుకంటే ఒక బెల్లానికీ మరో బెల్లానికీ తేడా ఉంటుంది. మూడవ ఏడు మా అత్తగారు పక్కన పీట వేసుకుని కూర్చుని, “పుస్తకం కాసేపు అవతల పెట్టమ్మా, గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ప్రతి నిమిషానికీ ఒక చుక్క వేసి చూడు” అన్నారు. మొదటి చుక్కలు నీళ్ళలో కరిగిపోయాయి, తరువాతివి తీగలా సాగి అడుగున పరుచుకున్నాయి, ఆ తరువాత చుక్క వేలితో దగ్గరకు తీస్తే మెత్తని ఉండగా కూడింది. ఆ క్షణాన దించి పిండి పోయాలి. నేను ఆ ఉండను చూసి మురిసిపోయేలోగా పాకం ముదిరింది. నాలుగవ ఏడు కుదిరింది. అరిసె చెక్కల మధ్య ఒత్తి నూనె తీసి తట్టలో పరుస్తుంటే మా అమ్మాయి వేడివేడిగా ఒకటి తీసుకుని ఏమీ మాట్లాడకుండా రెండవదానికి చేయి చాచింది.

ఇక లోపాలు. కొట్టివేసే అలవాటు ఒక రకంగా ప్రమాదకరం. 2017లో లెక్క పెరగడం కోసమే టమాటా నిలవ పచ్చడి పెట్టాను. ఇంట్లో ఎవరికీ అంత ఇష్టం లేదని తెలిసే పెట్టాను. పుస్తకంలో గీత పడింది, జాడీ మాత్రం మూత తీయకుండా ఆరు నెలలు అలమరలో ఉండిపోయింది. అప్పటినుంచి వంట చేసిన రోజున కాక, అది తిని ఖాళీ అయిన రోజున మాత్రమే కొట్టివేస్తున్నాను. 2021లో ఇదే చిట్టాను ఫోనులోని ఒక యాప్‌లోకి ఎక్కించి ఆరు నెలలు వాడాను. అది రోజూ మోగేది, నేను రోజూ ఆపేదాన్ని. తిరిగి పుస్తకానికే వచ్చాను. 2020 ఉగాది, లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే వచ్చింది. ఆ ఏడు కుడి పుటలో ఒక్క గీతా పడలేదు, ఎడమవైపు ఏడు పడ్డాయి. బయటి లోకంతో ముడిపడిన పనులు ఎంత సులభంగా ఆగిపోతాయో, చేతికి అందే పని మనిషిని ఎంతగా నిలబెడుతుందో ఆ ఏడాదంతా గమనించాను.

అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి. కుడి పుటలో ఎనిమిదవ అంశంగా ‘అన్నయ్యతో మునుపటిలా మాట్లాడటం’ అని రాసుకున్నాను. పొలం పంపకాల దగ్గర వచ్చిన మాటల వల్ల మా మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఎర్ర గడిలో ఒక ఏడు రాఖీ పౌర్ణమి అని, మరో ఏడు నాన్న తద్దినం అని రాశాను. రెండుసార్లూ వెళ్ళాను. రెండుసార్లూ, గడువు పెట్టుకుని వచ్చిన దానిలా, ముందే తయారుచేసుకున్న మాటలు అప్పజెప్పి తిరిగివచ్చాను. రెండవసారి వదిన గుమ్మం దాకా వచ్చి, “మీ అన్నయ్యకు కొంత టైము పడుతుంది, నువ్వు మాత్రం రావడం మానకు” అని చెప్పింది. ఆ అంశాన్ని పుస్తకం నుంచి తీసేశాను. ఇంకొకరి మనసు కూడా కలిసిరావలసిన పనికి గడువు రాయడం నాదే తప్పు. ఇప్పుడు గడులేమీ లేకుండా, నెలకు ఒకటి రెండుసార్లు ఫోను చేస్తున్నాను. కొన్నిసార్లు అన్నయ్య తీస్తున్నాడు. తల్లిదండ్రులతో, తోబుట్టువులతో, పిల్లలతో ముడిపడిన కోరికలను ఇలాంటి చిట్టాలో చేర్చవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

నేటి లెక్క ఇది. ఎడమ పుటలో తరువాత చేర్చినవాటితో కలిపి నలభై ఎనిమిదికి ముప్పై తొమ్మిది పూర్తయ్యాయి, మూడు తీసేశాను, ఆరు మిగిలాయి. కుడి పుటలో ముప్పై ఒకటికి పదిహేను పూర్తయ్యాయి, ఏడు తీసేశాను, తొమ్మిది మిగిలాయి. తీసేసినవాటిలో సంగీతం ఒకటి. రెండేళ్ళు సాధన చేశాక, నాకు పాడటం కంటే వినడమే ప్రాణమని తేలింది. ఆ నిర్ణయం పట్ల నాకు ఏ బాధా లేదు.

ఉద్యోగం చేస్తూ ఇల్లు చూసుకునేవారికి ఈ పద్ధతిని మనస్ఫూర్తిగా సూచిస్తాను, కాని అరవై అంశాలతో మొదలుపెట్టవద్దు. ఎడమవైపు ఆరు, కుడివైపు ఆరు చాలు. ఆరు ఋతువులకు ఒక్కొక్కటి చొప్పున. రెండు పుటలూ ఒకే పుస్తకంలో, ఎదురెదురుగా ఉండాలి, ఎందుకంటే ఆవకాయ కొలత రాస్తున్నప్పుడు చూపు పక్కపుట మీద పడుతుంది. పుస్తకం వంటింట్లోనే ఉండాలి. నా పుస్తకానికి అట్ట ఊడిపోయింది, ఏప్రిల్, మే పుటలకు నూనె మరకలు పట్టాయి, పసుపు చేతి ముద్ర ఒకటి ఎం.ఏ. దరఖాస్తు తేదీ మీదే పడింది.

ఈ విశ్వావసు సంవత్సరానికి ఎడమవైపు మాగాయ ఉంది. అమ్మ కొలతలు నా దగ్గర ఉన్నాయి, చెక్కు తీసి తరిగిన ముక్కను ఉప్పులో ఊరబెట్టి, ఊట పిండేసి, ఎండబెట్టాక తూయాలని పక్కన రాసుకున్నాను. కుడివైపు, 2028లో వచ్చే కృష్ణా పుష్కరాలలోగా నదిలో ఈదడం. చెరువులాంటి కొలను వేరు, పారే నీరు వేరు కాబట్టి, ఈత వచ్చినవారు పక్కన ఉండగా, లోతు తక్కువగా ఉన్న చోట మాత్రమే అని ‘ఎంత’ గడిలో రాశాను. ‘ఎప్పుడు’ గడిలో మాఘమాసం అని ఉంది.