ఆరో వారం సూది: నొప్పిదా, నొప్పి లేనిదా?

మా పాపకు ఆరు వారాలు నిండినప్పటి నుంచి పసిపిల్లల తల్లులు నన్ను అడుగుతున్నది ఒకటే: "అక్కా, గవర్నమెంట్ పెంటావాలెంట్ వేయించావా, పెయిన్‌లెస్సా?" పెంటావాలెంట్ అంటే కోరింత దగ్గుతో సహా ఐదు రోగాలకు ఒకే టీకా. ప్రభుత్వం వేసేది నొప్పి టీకా, పెయిన్‌లెస్ అంటే నొప్పి లేనిది. మేం ప్రభుత్వానిదే వేయించాం. ఎందుకో చెప్తాను.

అసలు తేడా కోరింత దగ్గు భాగంలో ఉంది. నొప్పి టీకాలో ఆ బ్యాక్టీరియాను చంపి మొత్తంగా వేస్తారు. నొప్పి లేనిదానిలో దాని నుంచి శుద్ధి చేసిన రెండు నుంచి ఐదు ప్రోటీన్లే ఉంటాయి. సూది ఏదైనా సూదే, గుచ్చితే బిడ్డ ఏడవక మానదు. తేడా ఆ రాత్రికి తెలుస్తుంది.

మాకు బాగానే తెలిసింది. పొద్దున ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సు) ఎడమ తొడకు వేసింది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. సూది పడ్డచోట చింతగింజంత గట్టిగా తగిలేది, కాలు కదిపితే కెవ్వుమనేది. డాక్టర్ బరువు చూసి రాసిచ్చిన పారాసెటమాల్ చుక్కలు వేసి, తెల్లవార్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా అత్తయ్య రుద్దబోతే ఆపాను, రుద్దొద్దని ఏఎన్ఎం మరీ మరీ చెప్పింది. మర్నాడు మధ్యాహ్నానికి పాప నవ్వింది. గడ్డ మాత్రం ఇంకొన్ని రోజులు ఉంది.

నొప్పి లేనిదైతే ఈ జ్వరం, వాపు, ఆగని ఏడుపు బాగా తక్కువ. జ్వరంతో ఫిట్స్ రావడం నొప్పి టీకాతో కూడా అరుదే, దీనితో ఇంకా అరుదు. ప్రైవేటులో పోలియోతో కలిపి ఆరు రోగాలకు ఒకే సూది కూడా దొరుకుతుంది. డోసుకు వేలల్లో ఖర్చు.

నేను అటు వెళ్లనిది డబ్బు చూసి కాదు, రక్షణ ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి. అమెరికా 1990లలో నొప్పి లేని టీకాకు మారింది. 2010లో కాలిఫోర్నియాలో 9,000 మందికి పైగా కోరింత దగ్గు బారిన పడ్డారు. వాళ్లలో అన్ని డోసులూ పడ్డ 7–10 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నారు. పదిమంది పసికందులు చనిపోయారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో 1998లో పుట్టిన పిల్లల్ని గమనిస్తే, మొదటి డోసు నొప్పి టీకా పడ్డవాళ్లకు పదేళ్లు దాటాక కూడా ఈ దగ్గు తక్కువగా వచ్చింది. నన్ను తేల్చుకునేలా చేసింది ఈ మొదటి డోసు మాటే.

ఇంకొకటి. బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగంలో, నొప్పి లేని టీకా పడ్డవి జబ్బు పడలేదు గానీ బ్యాక్టీరియాను గొంతులో వారాల తరబడి మోసి పక్కవాటికి అంటించాయి. మా ఇంట్లో తోడికోడలు కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డకు ఆరు వారాలు వచ్చేదాకా సొంత టీకా రక్షణ ఉండదు. నా బిడ్డ ఒక రాత్రి జ్వరం, ఆ బిడ్డ ఊపిరి, రెండూ ఒకే తూకంలో పెట్టలేను. నొప్పి టీకా వాడుతున్న దేశాలు మొదటి డోసులకు దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో చెప్పింది.

ఇదివరకటి డోసు తర్వాత ఫిట్స్ వచ్చినా, బిడ్డ స్పృహ లేనట్టు వాలిపోయినా నా మాట వినకండి. తర్వాతి డోసుకు ముందే డాక్టర్‌కు చెప్పండి. అలాంటివాళ్లకు ఏది వేయాలో, అసలు వేయాలో వద్దో ఆయనే చూస్తారు.

అసలు వేయించకపోవడం అనే దారిని నేను లెక్కలోకే తీసుకోను. జపాన్‌లో నొప్పి టీకా తర్వాత ఇద్దరు పిల్లలు చనిపోయారని 1975లో దాన్ని ఆపారు. భయంతో చాలామంది టీకాకు దూరమయ్యారు. 1979లో 13,000 మందికి పైగా కోరింత దగ్గు, 41 మరణాలు. నొప్పి లేని టీకా 1981లో అక్కడే మొదలైంది. భయపడ్డ తల్లుల్ని మళ్లీ టీకా దాకా తెచ్చింది అదే, ఆ మేలు కాదనను. నొప్పిదంటే మీకు నిజంగా చేతులు రాకపోతే పెయిన్‌లెస్సే వేయించండి, బూస్టర్లు మాత్రం తప్పించకండి.

మా పాప పదో వారం డోసు వచ్చే బుధవారం. బరువు మళ్లీ చూపించి, చుక్కలు ఎన్ని వేయాలో ఈసారి ముందే రాయించుకున్నాను.