డాంట్‌లెస్, హెల్‌డైవర్: ఏది మేలు?

కాగితం మీద చూస్తే ఇది పోటీయే కాదు. ఒక పక్క 1,200 హార్స్‌పవర్ ఇంజను, గంటకు 255 మైళ్ల వేగం, మడత పడని రెక్కలు, పొట్ట కింద బయటికి వేలాడే బాంబు. ఇంకో పక్క 1,900 హార్స్‌పవర్, 295 మైళ్లు, మడత రెక్కలు, తలుపులు మూసుకునే బాంబు అర, 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం నడిపిన డైవ్ బాంబర్లే. మొదటిది డగ్లస్ కంపెనీ ఎస్‌బీడీ డాంట్‌లెస్. రెండోది దానికి పదవీ విరమణ ఇప్పించడానికి అమెరికా నౌకాదళం కర్టిస్ కంపెనీతో చేయించుకున్న ఎస్‌బీ2సీ హెల్‌డైవర్. అయినా రెండూ నడిపిన పైలట్లలో పాతదే కావాలన్నవాళ్లు తక్కువేం కాదు. ఆ మొండితనానికి కారణాలున్నాయి.

ముందు డైవ్ బాంబర్ పనేమిటో చూడాలి. సుమారు 15,000 అడుగుల ఎత్తు నుంచి ముక్కు కిందికి వంచి, దాదాపు 70 డిగ్రీల వాలులో ఓడ మీదికి దూకాలి. పైలట్ సీటులో కూర్చున్నట్టు ఉండదు, బెల్టులకు వేలాడుతున్నట్టు ఉంటుంది. నీటికి రెండు వేల అడుగుల దాపులోకి వచ్చాక బాంబు వదిలి, విమానాన్ని పైకి లాగాలి. వేగం హద్దు దాటితే లాగడం కుదరదు. అందుకే రెక్కల వెనుక అంచున బ్రేకుల్లా తెరుచుకునే ఫ్లాపులు పెడతారు. డాంట్‌లెస్‌కు పూర్వీకుడైన నార్త్‌రాప్ బీటీ-1లో ఆ ఫ్లాపులు తెరిస్తే గాలి సుడులు తిరిగి తోక గడగడలాడేది. మందు చాలా సాదాగా దొరికింది. ఫ్లాపుల నిండా మూడేసి అంగుళాల రంధ్రాలు పెట్టారు, చూడటానికి అచ్చం జల్లెడే. వణుకు పోయింది. ఎడ్ హైనెమన్ బృందం తీర్చిదిద్దిన డాంట్‌లెస్‌కు ఆ చిల్లులే గుర్తింపు చిహ్నమయ్యాయి. బాంబు నేరుగా జారితే తిరుగుతున్న ప్రొపెల్లర్‌కు తగులుతుంది కాబట్టి, ఒక ఊయల లాంటి చట్రం దాన్ని ముందుకు ఊపి దూరంగా వదిలేది. వెనుక సీటులోని గన్నర్‌ది ఇంకో అవస్థ. విమానం సముద్రంలోకి దూకుతుంటే అతని కళ్లకు కనిపించేది ఆకాశమే.

లోపాలు లేవని కాదు. పైనున్న చలిలోంచి కింది తేమగాలిలోకి రాగానే, గురి చూసే దుర్భిణి అద్దానికి మంచు పట్టేది, అదీ సరిగ్గా బాంబు వదలాల్సిన వేళకు. రెక్కలు మడత పడవు కాబట్టి విమాన వాహక నౌక డెక్ మీద చోటంతా తినేసేది. వేగం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎస్‌బీడీ అక్షరాలకు ‘నెమ్మదే, కానీ ప్రాణాంతకం’ అని నావికులే అర్థం చెప్పుకున్నారు.

1942 జూన్ 4న పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి దగ్గర ఆ మాట నిజమైంది. ఎంటర్‌ప్రైజ్ నౌక నుంచి వేడ్ మెక్లస్కీ నాయకత్వంలో వచ్చిన దళం, యార్క్‌టౌన్ నుంచి వచ్చిన మరో దళం ఇంచుమించు ఒకే సమయంలో జపాను నౌకల నెత్తిన చేరాయి. కొద్ది నిమిషాల్లో అకాగి, కాగా, సోర్యు అనే మూడు విమాన వాహక నౌకలు మంటల్లో చిక్కుకున్నాయి. అకాగి మీదికి దిగినవి పైలట్ డిక్ బెస్ట్‌ విమానంతో కలిపి మూడంటే మూడు. సూటిగా తగిలిన బాంబు ఒక్కటే. సాయంత్రానికి నాలుగో నౌక హిర్యు వంతు.

మన తీరానికీ ఈ విమానంతో ఒక పాత లెక్క ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే జపాను నౌక నుంచి వచ్చినవి. ఆగస్టు 24న తూర్పు సాలమన్స్ దగ్గర ఆ ర్యూజోను ముంచింది శారటోగా నౌక మీది డాంట్‌లెస్‌లు, వాటితో వచ్చిన టార్పెడో విమానాలు.

ఇక హెల్‌డైవర్. దాని జాతకం రాసింది ఇంజనీర్లు కాదు, ఒక లిఫ్టు. విమాన వాహక నౌకలో 40 అడుగులకు 48 అడుగుల లిఫ్టు మీద ఈ విమానాలు రెండు పట్టాలని నౌకాదళం షరతు పెట్టింది. పెద్ద ఇంజను కావాలి, లోపల బాంబు అర కావాలి, పొడవు మాత్రం పెరగకూడదు. దాంతో పొట్టి మొండెం, దాన్ని నిలకడగా ఉంచడానికి పెద్ద తోక. అయినా నిలకడ రాలేదు. నెమ్మదిగా డెక్ మీదికి దిగే వేళ, అంటే పైలట్ ప్రాణం గుప్పిట్లో ఉండే వేళ, అది చేతికి లొంగేది కాదు. పైలట్లు ‘మృగం’ అని పేరు పెట్టారు.

పైగా తొందర. మొదటి నమూనా ఎగరకముందే భారీ ఆర్డర్లు ఇచ్చేశారు. 1940 డిసెంబరులో ఎగిరిన ఆ నమూనా రెండు నెలల్లో కూలింది. బాగుచేసి ఎగరేస్తే 1941 డిసెంబరులో డైవ్ పరీక్షలో రెక్క విరిగి పోయింది. అంగీకరించడానికి ముందు నౌకాదళం కోరిన మార్పులు 880. కొత్త యార్క్‌టౌన్ నౌక కెప్టెన్ జాకో క్లార్క్ వీటిని దించేసి డాంట్‌లెస్‌లనే తిరిగి తెప్పించుకున్నాడు. బ్రిటిష్ నౌకాదళం 26 తీసుకుని, నడిపి చూసి, యుద్ధానికి పంపనే లేదు. హెల్‌డైవర్ మొదటి పోరు చూసింది 1943 నవంబరు 11న, జపాను స్థావరం రబౌల్ మీద.

రెండూ ఒకే పరీక్ష రాసిన రోజు 1944 జూన్ 20, ఫిలిప్పీన్ సముద్రం. సాయంత్రం నాలుగు దాటాక అమెరికా విమాన వాహక దళాధిపతి మిట్షర్ విమానాలను పంపాడు. బయలుదేరాక తెలిసింది, శత్రువు అనుకున్నదానికన్నా 60 మైళ్లు దూరంలో ఉన్నాడని. తిరుగు దారిలో చీకటి పడింది, పెట్రోలు అడుగంటింది. యాభై చిల్లర హెల్‌డైవర్లలో నలభైకి పైగా తిరిగి రాలేదు, ఎక్కువ భాగం ఇంధనం అయిపోయి నీళ్లలో దిగినవే. ఇరవై చిల్లర డాంట్‌లెస్‌లు మాత్రం దాదాపు అన్నీ చేరుకున్నాయి. నౌకల మీద వాటికి అదే చివరి పెద్ద పోరాటం. మరుసటి నెలలోనే, 5,936వ విమానంతో, తయారీ ఆపేశారు!

న్యాయంగా చెప్పాలంటే మిడ్‌వేలోనూ చాలా డాంట్‌లెస్‌లు పెట్రోలు లేక సముద్రంలో దిగాయి. హెల్‌డైవర్ కూడా తర్వాత దారికొచ్చింది. బలమైన ఇంజను, నాలుగు రెక్కల ప్రొపెల్లర్ వచ్చాయి. ఆపైన ఎస్‌బీ2సీ-4 రకంలో ఫ్లాపులకు రంధ్రాలు పెట్టారు. అవును, పాత విమానంలో ఉన్న ఆ జల్లెడే! ముసాషి, యమాటో లాంటి జపాను మహా యుద్ధనౌకల వేటలో అది పాల్గొంది. మొత్తం ఏడు వేలకు పైగా తయారైంది.

నా ఓటు డాంట్‌లెస్‌కే. డెక్ మీద చోటు లెక్కపెట్టే అధికారికి 1945 నాటి హెల్‌డైవర్ నచ్చవచ్చు, అతని బాధ అతనిది. కానీ డైవ్ బాంబర్‌ను కొలవాల్సింది లిఫ్టులో ఎలా పట్టిందని కాదు, నిటారుగా దూకుతున్నప్పుడు గురి ఎంత కదలకుండా నిలిచిందని. ఆ చివరి ముప్పై, నలభై సెకన్లలో డాంట్‌లెస్ పైలట్ మాట విన్నది.

హెల్‌డైవర్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఫైటర్లే బాంబులు మోయడం మొదలయ్యాక డైవ్ బాంబర్ అనే జాతే తగ్గిపోయింది, 1949కల్లా అమెరికా నౌకాదళం దాన్ని వదిలించుకుంది. ఆ స్థానంలోకి వచ్చిన స్కైరైడర్ విమానం మళ్లీ హైనెమన్ బల్ల మీద గీసిందే. అందులో బాంబు అర లేదు, బాంబులన్నీ బయటే వేలాడతాయి. వెనుక గన్నర్ సీటూ లేదు.