హంబోల్ట్ అంటే అన్నా, తమ్ముడా?

హంబోల్ట్ పేరు వినగానే చాలామందికి ఆ జర్మన్ అన్నదమ్ముల్లో తమ్ముడు, ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండరే గుర్తొస్తాడు. 1799 నుంచి 1804 దాకా అమెరికా ఖండాల్లో తిరిగాడు. 1802లో ఇప్పటి ఈక్వడార్‌లోని చింబొరాజో పర్వతం ఎక్కాడు. శిఖరం అందకపోయినా, ఎత్తు పెరిగేకొద్దీ మొక్కలు ఎలా మారతాయో చూసి పటంగా గీయించాడు. పెరూ తీరం వెంట పారే చల్లని సముద్ర ప్రవాహానికీ, అక్కడి పెంగ్విన్‌కీ ఆయన పేరే.

అన్న విల్‌హెల్మ్ పేరుతో అలాంటివి లేవు. కానీ భాషలంటే ప్రాణమైన నాకు ఆయనే దగ్గర. సంస్కృతం నేర్చుకుని బెర్లిన్‌లో భగవద్గీత మీద ప్రసంగించాడు. జావా ద్వీపపు ‘కవి’ భాష మీద పెద్ద గ్రంథం రాశాడు (ఆ మాట మన ‘కవి’యే, సంస్కృతం నుంచి వెళ్లిందే). 1810లో తెరుచుకున్న బెర్లిన్ విశ్వవిద్యాలయానికి రూపమిచ్చిందీ ఆయనే. దానికి 1949లో హంబోల్ట్ అని పేరు పెట్టారు. అది మాత్రం అన్నదమ్ములిద్దరిదీ.