ఐర్లండ్ ఫారిన్ బర్త్స్ రిజిస్టర్: అమ్మమ్మ పుట్టిన ఊరు ఆధారంగా రెండో పాస్‌పోర్టు

తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలలో ఏ ఒక్కరు ఐర్లండ్ దీవిలో పుట్టి ఉన్నా, ప్రపంచంలో ఎక్కడ పుట్టిన మనవలైనా ఐరిష్ పౌరులుగా నమోదు కావచ్చు. ఉత్తర ఐర్లండ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఈ నమోదు పుస్తకమే ఫారిన్ బర్త్స్ రిజిస్టర్. దీనిని ఆ దేశపు విదేశాంగ శాఖ నిర్వహిస్తుంది. భాషా పరీక్ష లేదు, అక్కడ కొన్నేళ్లు నివసించి ఉండాలన్న షరతూ లేదు. 2020లో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాక, ఇంగ్లండులో పుట్టి పెరిగిన నా భార్య, మేయో కౌంటీలో పుట్టిన తన అమ్మమ్మ ఆధారంగా దరఖాస్తు చేసుకుంది. కాగితాలు పోగుచేసే పని నా వంతుకు వచ్చింది.

అసలు శ్రమంతా ఆ కాగితాలలోనే ఉంది. అమ్మమ్మ జనన, వివాహ, మరణ పత్రాలు, అత్తగారి జనన, వివాహ పత్రాలు, దరఖాస్తుదారు సొంత పత్రాలు వరుసగా ఒకదానికొకటి అతకాలి. ఐర్లండులో జననాల నమోదు 1864లోనే మొదలైంది కాబట్టి పాత రికార్డు దొరకడం కష్టం కాలేదు. నూరేళ్లు దాటిన జననాల నమోదు పుటలను ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. అయితే ఆ చిత్రం చెల్లదు, 20 యూరోలు కట్టి పూర్తి పత్రాన్ని తెప్పించుకోవాలి. జనన పత్రంలో బ్రిజిట్ అని ఉన్న అమ్మమ్మ, వివాహ పత్రంలో డెలియా అయింది. ఐర్లండులో ఈ రెండు పేర్లూ ఒకే మనిషికి చెల్లడం మామూలే అయినా, తండ్రి పేరు, వృత్తి రెండు పత్రాలలోనూ సరిపోయాయని వివరిస్తూ ఒక లేఖ జతచేశాము. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరుతో తంటాలు పడే మనకు ఈ పని కొత్తేమీ కాదు.

ఫారం ఆన్‌లైన్‌లో నింపి, పెద్దవారికి 278 యూరోలు, పద్దెనిమిదేళ్ల లోపువారికి 153 యూరోలు చెల్లించి, ముద్రించిన ప్రతిని అసలు పత్రాలతో కలిపి తపాలాలో పంపాలి. సంతకానికి, ఫోటోలకు సాక్ష్యం చెప్పే వ్యక్తి వైద్యుడో, న్యాయవాదో, పాఠశాల ప్రధానోపాధ్యాయుడో అయి ఉండాలి. బంధువు కాకూడదు, స్వయంగా ఎరిగినవారై ఉండాలి. ఆపైన నెలల తరబడి నిరీక్షణ తప్పదు. జనన, వివాహ పత్రాలను పని పూర్తయ్యాక తిరిగి పంపిస్తారు.

ఈ సేవలో అందరూ ముందే తెలుసుకోవలసిన నిబంధన ఒకటుంది. పౌరసత్వం నమోదైన తేదీ నుంచే లెక్కకు వస్తుంది తప్ప, పుట్టిన నాటి నుంచి కాదు. అందువల్ల నా భార్య నమోదుకు ముందే పుట్టిన మా పెద్దమ్మాయికి ఈ దారిలో హక్కు లేదు. తరువాత పుట్టిన చిన్నవాడికి ఉంది. ఒకే తల్లి బిడ్డల మధ్య చట్టం పెట్టిన ఈ తేడా నాకు సబబుగా తోచలేదు. బిడ్డ పుట్టబోతున్న దంపతుల దరఖాస్తులను త్వరగా పరిశీలించే వెసులుబాటు మాత్రం ఉంది, దాన్ని అడిగి తీరాలి.

భారత పాస్‌పోర్టు ఉన్న తెలుగువారు మరో సంగతి గమనించాలి. సికింద్రాబాదులోని ఏ ఆంగ్లో ఇండియన్ కుటుంబానికైనా ఐరిష్ తాత ఉన్నా, కోరి నమోదైన మరుక్షణం 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. ఆపైన భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డే దిక్కు.

మధ్యవర్తి సంస్థ ఒకటి ఇదే పనికి ప్రభుత్వ రుసుముకు ఎన్నో రెట్లు అడిగింది, పైగా త్వరగా తెప్పిస్తామని ఆశపెట్టింది. డబ్బు కట్టి క్యూ దాటే ఏర్పాటేదీ ఇక్కడ లేదు. పత్రాలు ఒకే దేశంలో తేలికగా దొరికేవారికి మధ్యవర్తి అనవసరం. దత్తత, పేరు మార్పు వంటి చిక్కులున్నవారు న్యాయవాదిని సంప్రదించడం మేలు.